చార్టర్ బళ్లు: ఇక్రార్‌నామా నుంచి నతీజా దాకా

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఫోన్లో ‘పిల్లోడి పేరు చార్టర్ స్కూల్ లాటరీలో వచ్చింది’ అంటే ఇక్కడ చాలామందికి అర్థం కాదు. చార్టర్ అంటే ఇక్రార్‌నామా. ఖర్చు సర్కారుది, ఫీజు ఉండదు, సర్కారు బళ్ల కాయిదాలు చాలావరకు వర్తించవు. బదులుగా పిల్లలకు ఏం నేర్పుతారో రాసివ్వాలి. మాట తప్పితే బడి మూయొచ్చు.

ఈ ఖయాల్‌ను దేశమంతా వినేలా చెప్పింది టీచర్ల యూనియన్ సదర్ అల్బర్ట్ షాంకర్. అది 1988. ఉస్తాదులే చిన్న బళ్లు పెట్టి కొత్త పద్ధతుల తజుర్బా చేయాలి, పనికొచ్చింది అన్ని బళ్లకూ పంచాలి అన్నారాయన. 1991లో మిన్నెసోటా తొలి ఖానూన్ చేసింది. మరుసటి ఏడాది సెయింట్ పాల్‌లో తొలి చార్టర్ బడి తెరుచుకుంది. తర్వాత లాభం కోసం కంపెనీలు దిగాయి. తజుర్బా కాస్తా ముఖాబలా అయింది. చివరికి షాంకర్ సాబే దానికి ముఖాలిఫ్ అయ్యారు.

మరి మంచి బడి ఏదో తూచే తరాజు ఏది? 2002లో బుష్ సంతకం చేసిన చట్టం పరీక్ష మార్కులనే మేయార్ చేసింది. నతీజా రాకపోతే బడికి సజా. అట్లాంటాలో ఏమైంది? పిల్లల తప్పు జవాబులను పెద్దలే చెరిపి దిద్దారు. 2011 దర్యాప్తులో 44 సర్కారు బళ్లలో ఈ మోసం బయటపడింది. 2015లో 11 మందిపై నేరం రుజువైంది.

చార్టర్ బళ్ల సంగతి? 2009లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూస్తే, లెక్కల్లో 17 శాతం బళ్లే సర్కారు బళ్ల కన్నా మెరుగు. 37 శాతం అధ్వానం. మిగతా వాటిలో తేడా లేదు. బోస్టన్‌లో మాత్రం లాటరీలో గెలిచిన పిల్లలను, ఓడిన పిల్లలతో పోల్చారు. రెండు వైపులా వాల్దైన్ షౌక్ ఒకటే కాబట్టి అది ఇంసాఫ్ తూకం. అక్కడ గెలిచినవాళ్లు బాగా ముందుకెళ్లారు.

అంటే బోర్డు మీద పేరు చూసి బడి మేయార్ చెప్పలేం. ఎవరిని ఎవరితో పోల్చారన్నదే అసలు సవాల్.

మన ఊళ్లలో ర్యాంకుల హోర్డింగుల కింద నిలబడినా అడగాల్సింది ఇదే. ఎంతమంది చేరితే ఇన్ని ర్యాంకులు? ముందే వడపోసి తీసుకున్నారా? మధ్యలో మానేసినవాళ్లు ఎందరు? సగటు మార్కులతో చేరిన బిడ్డ ఏడాదిలో ఎంత ఎదిగింది? మన పిల్లలు మన దగ్గర అమానత్. ఫీజు కట్టే ముందు ఈ జవాబులు తీసుకోవడం మన హక్.