దివ్యాంగులకు అందే వెబ్‌సైట్లు: చట్టం ఏమంటోంది, తెలుగులో అడ్డంకి ఎక్కడుంది

ఇంటి నుంచే బ్యాంకు ఖాతా తెరవాలంటే ఫోన్ కెమెరా ముందు కనురెప్పలు ఆర్పి, ఎదుట ఉన్నది సజీవ వ్యక్తేనని రుజువు చేసుకోవాల్సి వస్తుంది. యాసిడ్ దాడిలో కనురెప్పలు కోల్పోయినవారికి అది సాధ్యం కాదు. చూపు లేనివారికి తమ ముఖం తెరపై గీసిన వలయంలో ఇమిడిందో లేదో తెలియదు. ఈ రెండు ఇబ్బందులపైనా దాఖలైన వ్యాజ్యాలను కలిపి విచారించిన సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు వెలువరించింది. డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని అందులో స్పష్టం చేసింది. ‘ప్రజ్ఞా ప్రసూన్’ కేసుగా నమోదైన ఈ తీర్పులో కేవైసీ ప్రక్రియను అందరికీ వీలయ్యేలా మార్చేందుకు 20 ఆదేశాలున్నాయి. కనురెప్పలు ఆర్పడానికి ప్రత్యామ్నాయ పద్ధతులు కల్పించాలన్నది వాటిలో ఒకటి.

ఇంగ్లిష్‌లో యాక్సెసిబిలిటీ అనే భావనకు తెలుగులో అందుబాటు, ప్రాప్యత, సుగమ్యత అనే మాటలు వాడుకలో ఉన్నాయి. ‘అందుబాటు’ ధరకూ దూరానికీ కూడా వర్తిస్తుంది కాబట్టి అర్థం కొంత పలచబడుతుంది. కేంద్రం 2015 డిసెంబరు 3న ప్రారంభించిన ‘సుగమ్య భారత్ అభియాన్’ వల్ల ‘సుగమ్యత’ అధికారిక పత్రాల్లో స్థిరపడింది. ఏ పేరుతో పిలిచినా విషయం ఒక్కటే: చూపు, వినికిడి, చేతి కదలిక, గ్రహణశక్తి వంటి వాటిలో ఏ పరిమితి ఉన్నవారైనా ఇతరుల సాయం లేకుండా వెబ్‌సైట్‌ను వాడుకోగలగాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది. ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికను భారత్ 2007లో ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. 21 రకాల వైకల్యాలను గుర్తించిన ఈ చట్టం, 42వ సెక్షన్‌లో సమాచార, ప్రసార సాంకేతికత గురించి విడిగా చెప్పింది. శ్రవ్య, ముద్రణ, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం సుగమ్య రూపంలో ఉండేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలన్నది దాని సారాంశం. 46వ సెక్షన్ ప్రభుత్వ, ప్రైవేటు సేవాసంస్థలు రెండింటికీ గడువు విధించింది. ఉల్లంఘనకు తొలిసారి రూ.10 వేల వరకు, ఆ తర్వాత రూ.50 వేల నుంచి రూ.5 లక్షల వరకు జరిమానా ఉంటుంది.

చట్టంలో ‘చేయాలి’ అని ఉన్నదే నిబంధనల్లోకి వచ్చేసరికి మెత్తబడింది. 2017 నిబంధనల్లోని 15వ నిబంధన వెబ్‌సైట్ల విషయంలో ప్రభుత్వ మార్గదర్శకాలను చూపి ఊరుకుంది. మార్గదర్శకం సలహా మాత్రమే. పాటించకపోయినా నిలదీయడం కష్టం. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన దివ్యాంగ అధ్యయన కేంద్రం సుప్రీంకోర్టుకు సమర్పించిన నివేదిక అమలులోని లోపాలను వివరంగా చూపింది. 2024 నవంబరు 8న ‘రాజీవ్ రతూరి’ కేసులో న్యాయస్థానం 15(1) నిబంధన మాతృచట్టానికి విరుద్ధమని తేల్చింది. తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. సుగమ్యత దయాదాక్షిణ్యాల పరిధి నుంచి జవాబుదారీ పరిధిలోకి వచ్చే దారిలో ఇది ప్రధానమైన మలుపు.

ప్రమాణాలకు మాత్రం కొదవ లేదు. ప్రపంచవ్యాప్తంగా అనుసరించే వెబ్ సుగమ్యతా మార్గదర్శకాలు 1999లో తొలిసారి వెలువడ్డాయి; 2.2 సంచిక 2023 అక్టోబరులో వచ్చింది. మన దేశానికి ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణమూ ఉంది. వీటిలో అడిగేవి చాలావరకు చిన్న పనులే. ప్రతి చిత్రానికి వివరణ రాయాలి. లేకపోతే తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆ చిత్రాన్ని వదిలేస్తుంది, లేదా అర్థంలేని ఫైలు పేరు చదువుతుంది. బటన్‌కు పేరు పెట్టకపోతే ‘బటన్’ అని మాత్రమే వినిపిస్తుంది. అది డబ్బు పంపేదో, రద్దు చేసేదో తెలియదు. మౌస్ పట్టుకోలేనివారి కోసం అన్ని పనులూ కీబోర్డుతో సాగాలి. వీడియోలకు క్యాప్షన్లు, సాధారణ అక్షరాలకు నేపథ్యంతో కనీసం 4.5:1 కాంతి వ్యత్యాసం ఉండాలి.

తెలుగు విషయంలో చిక్కు ఇంతకన్నా లోతైనది. యూనికోడ్ విస్తరించక ముందు డీటీపీ ఖతులు రోమన్ అక్షరాల స్థానంలో తెలుగు ఆకారాలను అమర్చి పనిచేసేవి. అలా కూర్చిన పుట కంటికి చక్కని తెలుగే. స్క్రీన్ రీడర్‌కు మాత్రం పొంతనలేని రోమన్ గుర్తుల వరుస. జీవోలు, పాఠ్యపుస్తకాలు, ఉద్యోగ ప్రకటనలు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగా ఉంటే పరిస్థితి ఇంకా అన్యాయం: అది అక్షరాలు లేని బొమ్మ, అందులో చదవడానికి ఏమీ ఉండదు. యూనికోడ్‌లో రాసినా పుట భాష తెలుగు అని కోడ్‌లో ప్రకటించకపోతే, ఇంగ్లిష్ గొంతు దాన్ని తప్పుగా పలకవచ్చు లేదా మౌనంగా దాటిపోవచ్చు. వరుసల మధ్య ఎడం తక్కువైతే కిందికి దిగే వత్తులు తెగిపోతాయి. మందదృష్టి ఉన్నవారు అక్షరాలను పెద్దవి చేసుకున్నప్పుడు ఈ లోపం మరింత ఇబ్బంది పెడుతుంది. ఇంగ్లిష్ పుటకు సరిపోయిన రూపకల్పనను యథాతథంగా తెలుగుకు తొడగడం వల్ల వచ్చే తంటా ఇది.

చదివే ఉపకరణాలు ఖరీదైనవన్న సాకు ఇప్పుడు చెల్లదు. ఆస్ట్రేలియాకు చెందిన అంధ ప్రోగ్రామర్ 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ ఉచితం, తెలుగునూ పలుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఉంది. నిర్వాహకులు మౌస్ పక్కనపెట్టి, కీబోర్డు ఒక్కదానితో తమ సైట్‌లో ఒక దరఖాస్తు పూర్తిచేసి చూస్తే చాలా లోపాలు అక్కడే బయటపడతాయి. స్వయంచాలక పరీక్షా సాధనాలు కొన్ని తప్పులనే పట్టగలవు. చిత్రానికి వివరణ ఉందని అవి చెబుతాయి, ఆ వివరణ సరైనదో కాదో చెప్పలేవు. అందుకే నిజంగా స్క్రీన్ రీడర్ వాడేవారితో పరీక్షింపజేయడం అవసరం.

సేవ అందనప్పుడు దివ్యాంగులు కేంద్రంలోని ప్రధాన కమిషనర్‌కు గానీ, తమ రాష్ట్ర కమిషనర్‌కు గానీ ఫిర్యాదు చేయవచ్చు. సాక్షులను పిలిపించడం, పత్రాలను తెప్పించడం వంటి అంశాల్లో ఈ కమిషనర్లకు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. ఏ పుట, ఏ తేదీన, ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో ఫిర్యాదులో రాస్తే పరిశీలన సులువవుతుంది.