పాఠశాల మనదనుటలో నర్థము: తెనాలి, బాపట్ల, రేపల్లె సీమల చదువుచరిత్ర



ఒక సంఘముయొక్క యభ్యున్నతిని గొలుచుటకు భూములను, భవనములను, పదవులను లెక్కించుట లోకమున వాడుక యైనది. కాని మన తెనాలి, బాపట్ల, రేపల్లె సీమల పెద్దలు తమ యభివృద్ధికి గుఱుతుగా చూపుకొనినది హైస్కూలు. "మా యూరికి హైస్కూలున్నది" యను మాటను, ఊరి దేవాలయమును గూర్చి చెప్పునంత సంతోషముతో చెప్పుకొనెడివారు. ఆ సంతోషమెట్లు పుట్టినది, దానికెవ్వరెవ్వరు కారకులు, నేడది యేస్థితి నున్నది యను విషయములను సభవారి యెదుట నుంచుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశ్యము.

ఈ సీమకు అక్షరము క్రొత్తది కాదు. రేపల్లె చేరువనున్న భట్టిప్రోలు స్తూపమున 1892లో బయల్పడిన ధాతుకరండములపై, క్రీస్తుకు పూర్వపు బ్రాహ్మీలిపి యొక విశిష్టరూపమున చెక్కబడి యున్నది. అయినను అక్షరము నేలపై నున్నంతమాత్రమున నేల దున్నువాని చేతికి రాలేదు. దానికి రెండువేల యేండ్లు పట్టినది.

1855లో బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది. కాలువనీరు పశ్చిమడెల్టాకు ప్రాకి, మెట్టచేలు మాగాణు లయ్యెను. 1899లో బెజవాడకును మద్రాసునకును రైలుమార్గము కలిసెను. 1904లో గుంటూరు జిల్లా యేర్పడెను. 1909లో తెనాలి పురపాలకసంఘ మయ్యెను. 1916లో తెనాలినుండి రేపల్లెకు రైలు నడచెను. ధాన్యము బస్తాలతో బండ్లు స్టేషనుకు పోవుచుండగా రైతు చేతిలో రొక్క మాడెను. దానితోడనే చిక్కులును వచ్చెను. పన్నుల తాఖీదులు, పట్టాలు, కోర్టు దావాలు, కాలువల తగవులు, వీనిలో ముఖ్యమైన కాగితములు పెక్కులు ఇంగ్లీషున నుండెడివి. పుట్లకొలది పండించువాడు ఒక కాగితమును చదివించుకొనుటకై పరుల గడపకడ నిలువబడవలసి వచ్చెను. తన కుమారుడైనను తల యెత్తి కచ్చేరిలో నిలువవలెనను కోరికయే యిచటి యింగ్లీషు చదువునకు మొదటి పునాది.

ఆ చదువు తాలూకా పట్టణములయందే లభించెడిది. 1911 ప్రాంతమున మెట్రిక్యులేషను స్థానమున ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్ష వచ్చినది. పల్లెల బాలురు తెనాలిలోను, బాపట్లలోను చిన్నగదులు అద్దెకు గొని, యింటినుండి బండిమీద వచ్చిన బియ్యమును తామే వండుకొని చదివిరి. బ్రాహ్మణ బాలురు కొందఱు వారములు చేసికొని చదివిరి. కాలినడకను వచ్చినవారికి వర్షకాలపు బాడవలును, పొంగిన కాలువలును పరీక్షలకంటె కష్టమైనవి. ఇట్టి తెనాలి చదువులనుండియే ప్రసిద్ధ రచయితలగు చలముగారును, కొడవటిగంటి కుటుంబరావుగారును బయలుదేఱిరి.

చదువుతోపాటు గౌరవప్రశ్నయు తలయెత్తెను. 1910లో కృష్ణాజిల్లా కౌతారమున కమ్మ మహాజనసభ కూడెను. 1916లో కృష్ణయొడ్డున నున్న కొల్లూరులో బ్రాహ్మణేతరులు సమావేశమై 'శూద్ర' శబ్దముయొక్క యర్థమును చర్చించిరి. ఆ చర్చ కేవలము నిఘంటుచర్చ కాదు. చదువున కెవ్వ డర్హుడు, కాదని చెప్పుట కెవ్వని కధికారమున్నది యనునదియే యందలి సారము. డబ్లినులో న్యాయశాస్త్రము చదివివచ్చి తెనాలిలో స్థిరపడిన త్రిపురనేని రామస్వామి చౌదరిగారు (1887–1943) ఆ ప్రశ్ననే కావ్యములలోనికి దెచ్చి, పెండ్లిమంత్రములను సైతము తెలుగున జెప్పించిరి. వారి సూతాశ్రమము తెనాలికి వన్నె తెచ్చినది.

క్రమముగా జిల్లాబోర్డు పాఠశాలలు పల్లెలకు వ్యాపించెను. పాఠశాల కేవలము పరీక్షల తావుగా నుండలేదు. సాయంకాలమున మైదానములో బంతియాట, వార్షికోత్సవమున నాటకము, పొరుగూరి పాఠశాలతో పోటీ, ఇవన్నియు నూరివారి కందఱకు పండుగలే. పంతులుగారు వీథిని వచ్చుచుండగా అరుగుమీది పెద్దరైతు సైతము లేచి నిలుచుట మర్యాదగా నుండెను. ఆ మర్యాద ధనమునకు గాదు, విద్యకు.

ఉపాధ్యాయుల కీర్తియే పాఠశాలల కీర్తి. రేపల్లె తాలూకా కావూరున 1901లో రైతుకుటుంబమున జన్మించిన తుమ్మల సీతారామమూర్తిగారు, 1924 మొదలు 1957 వఱకు జిల్లాబోర్డు పాఠశాలలలో తెలుగు బోధించిరి. దుగ్గిరాల, బాపట్ల, నిడుబ్రోలు, అప్పికట్ల మొదలగు తావుల బాలురు వారి శిష్యులు. గాంధీమహాత్ముని జీవితమును పద్యములలో గానముచేసిన వారి 'మహాత్మకథ'కు 1969లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. ఒక జాతీయకవిచే తెలుగువాచకము చెప్పించుకొనిన భాగ్యము మన పల్లెబాలురది.

స్వరాజ్యోద్యమగాలి తరగతిగదులలోనికిని వీచెను. 1922లో బాపట్ల తాలూకా పెదనందిపాడు ఫిర్కా రైతులు పన్ను లియ్యమని నిలిచిన నాళ్లలో ఆ ప్రాంతపు బాలురు వాచకములలో లేని పౌరధర్మమును తమ తండ్రులను చూచి నేర్చిరి. 1930ల దశాబ్దమున ఆచార్య రంగాగారు నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయమును నెలకొల్పి, కర్షకునకు రాజకీయవిద్య నేర్పిరి.

ఇంతవఱకు చెప్పినది మన గర్వమునకు దగినది. సత్యచరిత్ర యిక్కడ నాగదు. ఆ పాఠశాలలలో చిరకాలము బాలురే నిండియుండిరి. అన్న హైస్కూలుకు పోవుచుండగా చెల్లెలు వాకిటివఱకే సాగనంపెను. ఆ పొలములను మనతో సమానముగా, తఱచు మనకంటె నెక్కువగా, చాకిరిచేసి పండించిన మాల మాదిగల బిడ్డలు ఆ బల్లలపై కూర్చుండుటకు మఱియు చాలకాలము పట్టినది. కొల్లూరులో మన పెద్దలు పైవారిని అడిగిన ప్రశ్ననే, క్రిందివారు మనల నడిగినపుడు మన మందఱము వెంటనే సరియైన యుత్తర మీయలేదు. పాఠశాలకు స్థలమిచ్చిన వాని పేరు శిలాఫలకముపై నున్నది; ఇటుక మోసినవాని పేరు లేదు. ఇద్దఱి బిడ్డలు నొకే బల్లపై కూర్చుండిన దినముననే ఆ దానము పూర్ణమైనది.

1959లో జిల్లాబోర్డులు పోయి జిల్లాపరిషత్తు లేర్పడెను. పాఠశాలలు వానికి సంక్రమించెను. 2022లో బాపట్ల జిల్లా యేర్పడి, బాపట్ల, రేపల్లె యొక జిల్లాలోను, తెనాలి గుంటూరు జిల్లాలోను నిలిచెను. సరిహద్దులు మాఱినను, మఱియొక మార్పు మనలను మిక్కిలి బాధింపవలసినది. తాతలు స్థలమిచ్చిన పాఠశాలకు మనుమలు పోవుట లేదు. స్తోమతగల కుటుంబముల బిడ్డలు నగరముల వసతి కళాశాలలలో ర్యాంకులకై రాత్రింబవళ్లు శ్రమించుచుండగా, ఊరి హైస్కూలు పేదలదిగా మిగిలినది. తన బిడ్డ లేనిచోట తన శ్రద్ధయు నుండదు. మైదానము, గ్రంథాలయము, ప్రయోగశాల యొక్కొక్కటిగా క్షీణించిన పిమ్మట "పూర్వము మా హైస్కూలు గొప్పది" యని సభలలో జెప్పుకొనుట సుతిమెత్తని దుఃఖమే గాని సేవ గాదు.

కావున మన సంఘమువారికి మూడు మనవులు. మొదటిది: ప్రతి గ్రామశాఖయు తన యూరి హైస్కూలు చరిత్రను, వృద్ధవిద్యార్థులు జీవించియుండగనే, వ్రాయించి భద్రపఱుపవలెను. రెండవది: మన విద్యానిధిలో నొక భాగము ఆ పాఠశాలల గ్రంథాలయములకును, ఆటస్థలములకును నియ్యవలెను. మూడవది: అచట చదువు పేదబిడ్డలకు, కులము నడుగక, బాలబాలికల భేదము పాటింపక, ఉపకారవేతనము లియ్యవలెను.

ఈ మూడవ మనవికి "కులసంఘపు ధనము పరుల కేల?" యని యెవరైన నడుగవచ్చును. మన పెద్దలు జిల్లాబోర్డునకు స్థలము వ్రాసియిచ్చునాడు దస్తావేజులో 'పాఠశాలకు' అని వ్రాసిరి. పాఠశాల యనగా ఊరి బిడ్డ లందఱిది. ఆ మాట నిలుపుటయే వారికి మన మీయగల తర్పణము.