బఘీరా సాలీడు: పేరుకూ బతుకుకూ నడుమ 113 ఏళ్ళు

మిల్వాకీకి చెందిన జార్జ్, ఎలిజబెత్ పెకమ్ దంపతులు 1896లో మధ్య అమెరికా ప్రాంతపు గెంతుడు సాలీళ్ళను వర్ణిస్తూ ఒక కొత్త జాతిని ప్రకటించారు. కిప్లింగ్ ‘జంగిల్ బుక్’ వెలువడి అప్పటికి రెండేళ్ళు. అందులోని నల్లచిరుత పేరునూ రచయిత పేరునూ కలిపి దానికి ‘బఘీరా కిప్లింగీ’ అని నామకరణం చేశారు.

వారు వర్ణించినది మగ సాలీడును మాత్రమే. ఆడదాని వర్ణన రావడానికి నూరేళ్ళు పట్టింది. వర్గీకరణకు కళ్ళ అమరిక, అవయవాల నిర్మాణం చాలు. అవి భద్రపరచిన నమూనాలోనూ కనిపిస్తాయి. ఆహారం మాత్రం బతికున్న ఆకు మీదనే కనిపిస్తుంది.

ఆ సంగతి 2009లో క్రిస్టఫర్ మీహన్ బృందం ‘కరెంట్ బయాలజీ’ పత్రికలో వెల్లడించింది. కొమ్ముల వంటి ముళ్ళున్న తుమ్మజాతి చెట్లు తమకు కాపలా కాసే చీమల కోసం ఆకుల కొసన పోషక గుళికలు పెంచుతాయి. ఈ సాలీడు చీమల కన్నుగప్పి వాటిని కాజేస్తుంది. మెక్సికోలో దాని ఆహారంలో 90 శాతం పైగా శాకమే.

వేటమృగం పేరు మోసిన జీవి దాదాపు శాకాహారి అని తేలడానికి 113 ఏళ్ళు పట్టింది. ఈలోగా ఆ చెట్లు నరికివేతకు గురై ఉంటే, మనకు పేరొక్కటే మిగిలేది.