ఏబదియెనిమిదియా, అరువదియా?

1889లో జర్మనీ దేశమున చాన్సలర్ బిస్మార్కు వృద్ధాప్య వేతన శాసనమును చేయించి, 70 ఏండ్లు నిండిన శ్రామికునకు పింఛను నిచ్చునట్లు నియమించెను. ఆ యేటనే మన యిల్లెందు అడవులలో, 1871లో విలియం కింగు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు కనుగొనిన పొరలనుండి బొగ్గు త్రవ్వుట మొదలయ్యెను. ఇది కాకతాళీయమే యైనను, ముసలితనమునకు అచ్చట వెల గట్టుచున్న దినములలో ఇచ్చట బాయి దిగిన కూలీలలో పెక్కుమందికి తమ వయస్సును చెప్పు కాగితమే లేకుండెననుట గమనింపదగినది.

ఫలానా గోదావరి వరదకు తాను చంకబిడ్డననియో, ఫలానా కరువునాటికి పసుల గాచుచుంటిననియో చెప్పగలవాడే కాని, సంవత్సర మడిగినచో మౌనమే వాని సమాధానము. గనుల నిబంధనల ననుసరించి ఉంచవలసిన బి ఫారము రిజిస్టరులో వయస్సున కొక గడి కలదు గనుక, చదువు పత్రము లేనివాని విషయమున అందాజు వయస్సే ఆ గడి కెక్కెను. నాటి యా యూహయే, వా డెన్నడు బాయి విడువవలెనో, ఎన్నడు సొమ్ము చేత బడవలెనో తేల్చు శాసన మయ్యెను.

పింఛను మాత్ర మీ గనులకు మిక్కిలి ఆలస్యముగా వచ్చినది. 1948 నాటి చట్టము బొగ్గు కార్మికులకు భవిష్యనిధిని కల్పించినది గాని, అది ఒక్కమారు చేతికి వచ్చి, కూతురి పెండ్లికో పెంకుటింటికో పోవు సొమ్ము. 1971 నాటి కుటుంబ పింఛను చనిపోయినవాని యాలుబిడ్డలది. బ్రతికియున్న కార్మికునకు నెలనెల ముట్టు పింఛను 1998 నాటి పథకముతో వచ్చెను. ఇల్లెందున తొలి బొగ్గు తీసిన పిమ్మట నూటతొమ్మిదేండ్లకు!

ఎప్పుడు పుచ్చుకొనవలెనను మీమాంస ఇటీవలిది. అది బాయిలది గాక, భద్రాచలమునకు ఈవలి యొడ్డున సారపాకలో 1979 నుండి నడుచుచున్న కాగితపు మిల్లు వారిది, ఆర్టీసీ డిపోల వారిది. వీరికి వర్తించునది 1995 నవంబరు 16న ఆరంభమైన ఉద్యోగుల పింఛను పథకము. పదేండ్ల సేవ గలవానికి 58వ యేట పింఛను లభించును. 50 దాటి ముందే కోరినచో తగ్గిన యేడాది కొక్కింటికి నూటికి నాలుగు వంతున కోత పడును. 2016లో వచ్చిన సవరణచే, 60 వరకు ఆగినవానికి ఏటేట నాలుగేసి వంతులు కూడి, మొత్తము 8.16 శాతము పెరుగును.

కాగితము మీద ఇది ఇంపుగనే యున్నది. అయినను 58వ యేట 3,000 రూపాయలు రాదగినవాడు, చందా కట్టక రెండేండ్లు ఊరక ఆగెననుకొందము: వాడు వదలుకొనునది 72,000, పిమ్మట నెలకు అదనముగా పొందునది 245 రూపాయల కించుక తక్కువ. పోయినది పూడుటకు ఇరువదినాలుగున్నర యేండ్లు పట్టును. అనగా 84 దాటి బ్రతికినగాని ఆ యోపికకు ఫలము లేదు. ఈ పింఛనునకు కరువుభత్యము సైతము లేదు గనుక, నాటి 245 నేటి 245 కానేరదు. చందా కట్టుచు ఆగువానికి సేవాకాలమును కలిసివచ్చును గనుక వాని లెక్క వేరు.

2019లో ఆర్టీసీలో ఉద్యోగ విరమణ వయస్సు 60కి పెరిగినప్పుడు ఈ ప్రశ్న మరింత చిక్కనయ్యెను; ఏలయన, కొలువు సాగుచుండగనే 58వ యేట పింఛను పుచ్చుకొనుటకు నిబంధన అడ్డురాదు. జీత ముండగా పింఛ నేల యని ఆగుట వివేకమని తోచును గాని, నా మట్టుకు నాకు, ముట్టినది ముట్టినట్టే పుచ్చుకొనుట మేలనిపించును.

అయినను ఆ 58 ఎన్నడు నిండును? పింఛను కోరు 10-డి ఫారములో వ్రాయు పుట్టినతేది పెక్కుమందికి బడిలో చేర్చుకొన్ననాడు పంతులుగారు తమకు తోచినట్లు వేసిన జూలై ఒకటవ తేదియే.