పేదింటి కుండలో దొరికిన జవాబు: వియత్నాం అమ్మల వంట క్లాసు కథ

ఈ రోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. ఒక వంట క్లాసు ఉంది. ఆ క్లాసుకి ఫీజు ఏంటో తెలుసా? పొలంలో ఏరుకొచ్చిన గుప్పెడు చిన్న రొయ్యలు, కాసిని ఆకులు. అవి తెచ్చినవాళ్లే క్లాసులో కూర్చోవాలి. ఈ రూలు ఎందుకు పెట్టారో అర్థమైతే, మొత్తం కథ అర్థమైనట్టే.

1990 డిసెంబరు, వియత్నాం రాజధాని హనోయ్. అమెరికాతో యుద్ధం ముగిసి పదిహేనేళ్లు అయ్యింది కానీ, అమెరికా ఆంక్షలు ఇంకా నడుస్తున్నాయి. వాటిని 1994లో గానీ ఎత్తెయ్యలేదు. సరిగ్గా ఆ టైంలో జెర్రీ స్టెర్నిన్, మోనిక్ స్టెర్నిన్ అనే భార్యాభర్తలు సేవ్ ద చిల్డ్రన్ సంస్థ తరఫున అక్కడ దిగారు. ఆ దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో దాదాపు మూడింట రెండొంతుల మందికి పోషకాహార లోపం ఉంది. దాన్ని తగ్గించడం వీళ్ల పని. ప్రభుత్వం ఇచ్చిన గడువు ఆరు నెలలు. ఆలోపు ఏదో ఒక ఫలితం చూపించాలి, లేకపోతే పెట్టే సర్దుకోవాలి.

ఆరు నెలల్లో ఏం చేస్తారు చెప్పండి? పేదరికం, మురికి నీళ్లు, మరుగుదొడ్లు లేకపోవడం... కారణాల లిస్టు చాలా పెద్దది. జెర్రీ వాటిని నిజమే కానీ పనికిరాని విషయాలు అనేవాడు. ఎందుకంటే పేదరికం పోయేదాకా ఆగితే, ఈలోపు ఆ పిల్లలు ఏమవుతారు? అంతకుముందు పద్ధతి కూడా వాళ్లకి తెలుసు. బయటి నుంచి తిండి తెచ్చి పెడతారు, పిల్లలు బరువు పెరుగుతారు. ప్రాజెక్టు అయిపోయి వాళ్లు వెళ్లిపోగానే, పిల్లలు మళ్లీ పాత బరువుకే వచ్చేస్తారు.

అప్పుడు వాళ్లకి అమెరికాలోని టఫ్ట్స్ యూనివర్సిటీ పరిశోధకురాలు మరియన్ జైట్లిన్ చేసిన పని పనికొచ్చింది. పేద ఊళ్లలో కూడా కొంతమంది పిల్లలు ఆరోగ్యంగా ఎందుకున్నారు అన్నది ఆవిడ అడిగిన ప్రశ్న. దీన్నే పాజిటివ్ డీవియెన్స్ అంటారు. అందరి లాగే ఉంటూ, ఒక్క మంచి విషయంలో మాత్రం తేడాగా ఉండేవాళ్లని వెతకడం అన్నమాట.

హనోయ్‌కి దక్షిణాన థాన్ హోవా ప్రాంతంలో నాలుగు ఊళ్లు ఎంచుకున్నారు. ఊరి ఆడవాళ్లే వాలంటీర్లుగా పిల్లలందరినీ తూకం వేసి, పేర్లు రాశారు. తర్వాత ఒకే ప్రశ్న: బాగా పేద ఇళ్లలో కూడా బరువు సరిగ్గా ఉన్న పిల్లలు ఉన్నారా? ఉన్నారు! ఎక్కువమంది లేరు కానీ, ఉన్నారు.

వెంటనే ఆ ఇళ్లకి వెళ్లి, వంట దగ్గర కూర్చుని చూశారు. ఆ అమ్మలు వరి మళ్లలో దొరికే చిన్న చిన్న రొయ్యలు, పీతలు ఏరుకొచ్చి పిల్లల అన్నంలో కలుపుతున్నారు. చిలగడదుంప ఆకు కూడా వేస్తున్నారు. ఇవన్నీ ఊళ్లో అందరికీ ఫ్రీగా దొరికేవే. కానీ చంటిపిల్లలకి ఇవి పడవని మిగతావాళ్లు పెట్టేవాళ్లు కాదు.

ఇంకో తేడా కూడా కనపడింది. మిగతా ఇళ్లలో పిల్లలకి రోజుకి రెండుసార్లు అన్నం. పొలం పనికి వెళ్లే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. ఈ ఇళ్లలో మాత్రం అదే బియ్యాన్ని నాలుగైదు సార్లుగా కొంచెం కొంచెం పెడుతున్నారు. చిన్న పొట్ట కదా, ఒకేసారి అంత తినలేదు. అన్నానికి ముందు చేతులు కడుగుతున్నారు. విరేచనాలు అవుతున్నా తిండి మానిపించట్లేదు.

సరే, రహస్యం దొరికింది. ఇప్పుడు ఊరందరినీ కూర్చోబెట్టి లెక్చర్ ఇస్తే సరిపోతుందా? సరిపోదు. సిగరెట్ ప్యాకెట్ మీద హెచ్చరిక అందరూ చదువుతారు, ఎంతమంది మానేస్తున్నారు? వినడం వేరు, చేతికి అలవాటు కావడం వేరు.

అందుకే వంట క్లాసు పెట్టారు. బరువు తక్కువ ఉన్న పిల్లల అమ్మలు రెండు వారాల పాటు రోజూ ఒక పొరుగింట్లో కలిసి వండాలి, అక్కడే పిల్లలకి తినిపించాలి. వచ్చేటప్పుడు రొయ్యలో, పీతలో, ఆకులో తేవాలి. ఇప్పుడు ఆ ఫీజు రూలు అర్థమైంది కదా? రోజూ పొలానికి వెళ్లి ఏరడం, కడగడం, వండడం, పిల్లాడితో తినిపించడం... పద్నాలుగు రోజులు చేస్తే అదే అలవాటైపోతుంది. పైగా పిల్లాడి బరువు పెరగడం అమ్మ తన కళ్లతోనే చూస్తుంది.

ఫలితం? స్టెర్నిన్ దంపతులు తర్వాత చెప్పిన లెక్క ప్రకారం, ఆరు నెలలయ్యేసరికి పాల్గొన్న పిల్లల్లో 40 శాతానికి పైగా పూర్తిగా కోలుకున్నారు. వీసా పొడిగించారు. పని పక్క ఊళ్లకి పాకింది. కానీ నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇది: ప్రాజెక్టు అయిపోయిన కొన్నేళ్లకి పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకి వెళ్లారు. 2002లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం, క్లాసులు అయిపోయాక పుట్టిన తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా వేరే ఊరి పిల్లల కంటే మెరుగ్గా ఉన్నారు. అంటే క్లాసు ఆగింది, వంట ఆగలేదు!

అలాగని ఇదేదో మంత్రం అనుకోవద్దు. వేరే చోట్ల చేసిన అధ్యయనాల్లో ఫలితాలు అన్నిసార్లూ ఇంత బాగా రాలేదు. అసలు తిండే దొరకని చోట ఏ వంట క్లాసూ కడుపు నింపదు. ఒక ఊరి వంటకాన్ని ఇంకో ఊళ్లో కాపీ కొట్టినా పనవ్వదు. ప్రతి ఊరూ తన జవాబు తనే వెతుక్కోవాలి.

ఈ కథకి మన హైదరాబాద్‌లో ఒక అన్న ఉన్నాడు. తార్నాక దగ్గరున్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది. దాని డైరెక్టర్ సి. గోపాలన్ 1960ల్లోనే ఒక మాట గట్టిగా చెప్పారు. ప్రపంచమంతా ప్రొటీన్ పొడుల వెనక పడుతుంటే, మన పేద పిల్లలకి ముందు తక్కువవుతున్నది కడుపునిండా తిండి, అంటే కేలరీలు అన్నారాయన. ఇంట్లో తినే తిండే సరిపడా పెడితే, అందులో ఉండే ప్రొటీన్ చాలావరకు సరిపోతుందన్నది ఆయన వాదన. వియత్నాం అమ్మల నాలుగైదు పూటల అన్నం గుర్తొచ్చిందా?

ఇవాళ మన అంగన్‌వాడీల్లో బాలామృతం ప్యాకెట్ ఇస్తున్నారు, పిల్లల్ని తూకం వేస్తున్నారు. అవి కావాల్సినవే. వాటికి తోడు ఇంకొక్క ప్రశ్న అడగచ్చు: ఈ వాడలోనే, ఇదే కూలి డబ్బుతో, ఎవరి పాప బాగుంది? వాళ్లమ్మ ఏం వండుతోంది? మునగాకా, రాగి జావా, ఎండు రొయ్యల పొడా? ఆ అమ్మనే టీచర్ని చేసి, మిగతావాళ్లు తలా గుప్పెడు తెచ్చుకుని ఆవిడ పొయ్యి దగ్గర చేరితే, అదే క్లాసు.

మీ ఊళ్లో ఊరికే దొరికి, చిన్నపిల్లలకి మాత్రం పెట్టని తిండి ఏదైనా ఉందా? మీ అమ్మమ్మనో, నాయనమ్మనో అడిగి కామెంట్‌లో రాయండి. ఎందుకు పెట్టరో కూడా అడగండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.