భిలాయి కాలపు సోవియట్ వాచీలు

సోవియట్ యూనియన్‌లో వాచీల తయారీ పెద్ద ఎత్తున సాగడం 1930లో మొదలైంది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మూతపడిన డ్యూబర్–హాంప్డెన్ కంపెనీ యంత్రాలను సోవియట్ ప్రభుత్వం కొని మాస్కోకు తరలించింది. ఆ కంపెనీ పాత పనివాళ్లు ఇరవైమందికి పైగా వెంట వెళ్లి అక్కడివారికి పని నేర్పారు. మొదటి మాస్కో వాచీ ఫ్యాక్టరీ అలా పుట్టింది. అదే రోజుల్లో మాగ్నితోగోర్స్క్ ఉక్కు కర్మాగారానికీ అమెరికా ఇంజనీర్ల సాయం అందింది.

పాతికేళ్లు గడిచేసరికి నేర్చుకున్న దేశమే నేర్పే స్థితికి వచ్చింది. భిలాయి ఉక్కు కర్మాగారానికి 1955 ఫిబ్రవరి 2న భారత్–సోవియట్ ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. సోవియట్ నిపుణులు భిలాయిలో కాపురం ఉన్నారు. భారతీయ ఇంజనీర్లు సోవియట్ కర్మాగారాలకు వెళ్లి శిక్షణ పొందారు. నిర్మాణ కూలీల కోసం వెలసిన క్యాంపులే నేటి క్యాంప్ 1, క్యాంప్ 2. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. కొలిమి ఆరకుండా మూడు షిఫ్టులూ నడిచే ఊళ్లో బతుకంతా గడియారం చెప్పినట్టే సాగుతుంది.

భిలాయి తొలి దశాబ్దాలే సోవియట్ వాచీలకూ మంచికాలం. యుద్ధ విజయానికి గుర్తుగా పేరుపెట్టిన 'పొబేదా' 1946లో ఉత్పత్తికి వచ్చింది. దాని యంత్రానికి మూలం ఫ్రెంచి కంపెనీ లిప్ నమూనా. 15 రాళ్లు, ఆరు అంకె దగ్గర చిన్న సెకన్ల ముల్లు, రోజుకోసారి కీ ఇవ్వడం దీని తీరు. 1961 ఏప్రిల్ 12న గగారిన్ అంతరిక్షంలోకి వెళ్లినప్పుడు చేతికి ఉన్నది మొదటి మాస్కో ఫ్యాక్టరీ 'ష్తుర్మాన్‌స్కియే'. ఆ ఏడాదే పెత్రోద్వరెత్స్ ఫ్యాక్టరీ 'రాకెతా' పేరుతో వాచీలు మొదలుపెట్టింది. 1941లో జర్మన్ సైన్యాలు మాస్కోను సమీపించినప్పుడు రెండో మాస్కో ఫ్యాక్టరీ యంత్రాల్లో కొన్ని కామా నది ఒడ్డున ఉన్న చీస్తోపోల్‌కు తరలాయి. 'వొస్తోక్' వాచీలకు పుట్టిల్లు అదే.

వొస్తోక్ 1967లో తెచ్చిన 'అంఫీబియా' 200 మీటర్ల లోతు నీటినీ తట్టుకుంటుంది. నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ దాని ఉబ్బెత్తు ప్లాస్టిక్ అద్దం కేసుకు మరింత బిగుసుకుంటుంది. మర విప్పినప్పుడు కీ వదులుగా ఊగుతుంది. కొత్తవారు దీన్ని లోపమనుకుంటారు. లోపలి కడ్డీ విరగకుండా కావాలనే చేసిన ఏర్పాటిది. రెండో మాస్కో ఫ్యాక్టరీ 'స్లావా'ల్లో 2428 రకం యంత్రానికి రెండు స్ప్రింగులుంటాయి.

సేకరించేవారికి ఈ అంకెలే దారి చూపుతాయి. 1960ల తర్వాతి సోవియట్ యంత్రాల సంఖ్యలో మొదటి రెండంకెలు వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతాయి. చివరి రెండు పనితీరును తెలుపుతాయి. 2409 అంటే 24 మిల్లీమీటర్ల యంత్రం, నడిమధ్య సెకన్ల ముల్లు. 2414కు తేదీ కూడా ఉంటుంది. 28తో ముగిస్తే తేదీ, వారం రెండూ కనిపిస్తాయి. సంఖ్య 2414 అయివుండి డయల్ మీద తేదీ గడి లేకపోతే, డయలో యంత్రమో మారిందని అనుమానించాలి.

డయల్ అడుగున సన్నని రష్యన్ అక్షరాల్లో సోవియట్ తయారీ అని ఉంటే సాధారణంగా 1991కి ముందుది. ఎగుమతి వాచీల మీద ఆ మాట ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి దాన్ని చూసి నకిలీ అనకూడదు. మన దేశంలో పాత డయళ్లకు కొత్త రంగు వేసి అమ్మడం మామూలే. అంకెల అంచులు మసకగా ఉన్నా, ఫ్యాక్టరీ గుర్తు వంకరపోయినా కొనకపోవడం మంచిది. గీతలు పడినా అసలు డయలే విలువైనది. కొన్నాక ముందుగా విప్పి శుభ్రం చేయించి నూనె పెట్టించాలి. ఎండిన నూనెతో నడిపితే ఇరుసులు అరుగుతాయి.

భారత్ కూడా 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీలు మొదలుపెట్టింది. తర్వాత క్వార్ట్జ్ వాచీలు కీ వాచీలను వెనక్కి నెట్టాయి. సోవియట్ యూనియన్ విడిపోయాక మాస్కో ఫ్యాక్టరీలు రెండూ మూతపడ్డాయి. చీస్తోపోల్‌లో వొస్తోక్, పెత్రోద్వరెత్స్‌లో రాకెతా మాత్రం ఇప్పటికీ మెకానికల్ వాచీలు తయారుచేస్తున్నాయి.