తెనాలి, బాపట్ల, రేపల్లె: డేటాబేస్‌లో తెలుగు అక్షరం లెక్క

తెనాలి, బాపట్ల, రేపల్లె. మూడూ మూడేసి అక్షరాల పేర్లు. ఛందస్సు చదివినవారెవరూ మరోలా లెక్కించరు. యూటీఎఫ్-8లో నిల్వ ఉన్న ఈ పేర్ల పొడవెంతని మైఎస్‌క్యూఎల్‌ను అడిగితే మాత్రం, వర్ణాల లెక్కన 6, 6, 7 అనీ, బైట్ల లెక్కన 18, 18, 21 అనీ చెబుతుంది. ఈ అంకెల వెనుక ఒక లిపిచరిత్ర ఉంది.

1991 అక్టోబరులో వెలువడిన యూనికోడ్ తొలి సంపుటి భారతీయ లిపులకు 1988 నాటి ఇస్కీ ప్రమాణాన్ని ఆధారం చేసుకుంది. ఆ పద్ధతిలో హల్లులోనే అకారం ఇమిడి ఉంటుంది. దాన్ని తొలగించడానికి పొల్లు కావాలి. కనుక ‘ట్ల’ యంత్రానికి ఒక అక్షరం కాదు. ట, పొల్లు, ల అనే మూడు సంకేతాలు. తెనాలి-రేపల్లె రైలుమార్గంలోని భట్టిప్రోలును ఇక్కడ తలచుకోక తప్పదు. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడ వెలికితీసిన ధాతుకరండాల శాసనలిపిలో హ్రస్వ అకారానికే ప్రత్యేక చిహ్నం ఉంది. అకారం ఇమిడి ఉండాలా, రాసి చూపాలా అన్న ప్రశ్నకు ఈ నేల మీదే ఒకప్పుడు మరో సమాధానం ఉండేదన్నమాట. నిలిచింది మొదటిదే.

యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. ఒరాకిల్‌లో పొడవును సాధారణంగా బైట్లలోనే నిర్ణయిస్తారు. 20 బైట్ల గడిలో తెనాలి, బాపట్ల పడతాయి, రేపల్లె పట్టదు. పోస్ట్‌గ్రెస్‌లో 20 అంటే 20 వర్ణాలు కాబట్టి అదే అంకెతో ఈ ఇబ్బంది రాదు.

వర్ణక్రమం సంగతి సాహిత్యసూచికలు తయారుచేసేవారికి మరింత ముఖ్యం. దేవనాగరితో వరుస కలపడం కోసం యూనికోడ్‌లో ఱ, ళ రెండూ ‘వ’ కంటే ముందు కూర్చున్నాయి. సంకేతసంఖ్యల ప్రకారమే అమర్చే డేటాబేస్‌లో ‘పళ్లెం’ తరువాత ‘పవనం’ వస్తుంది. మన వర్ణమాలలో ళ స్థానం హకారం తరువాత. గుణింతంలో చివర నిలిచే సున్న కూడా అక్కడ అన్నిటికంటే ముందుకు వస్తుంది. ఏ కోలేషన్ వాడారో రాయని సూచికను సరిచూడడం కష్టం. మన సిద్ధాంతగ్రంథాల అనుబంధాల్లో ఆ ఒక్క వాక్యం కనిపించడం అరుదని నా అభిప్రాయం.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి, రేపల్లె అందులో చేరింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. జిల్లాలు మారినప్పుడు ఊరి పేర్లున్న పట్టికలూ చేతులు మారతాయి. అసలు ప్రమాదం అప్పుడే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో యూనికోడ్ రకం కాని గడిలోకి, లాటిన్ కోలేషన్ కింద, తెలుగు పేరు పంపితే అది నిరాకరించదు. ప్రతి సంకేతానికీ ఒక ప్రశ్నార్థకాన్ని దాచుకుంటుంది. మూలప్రతి లేకపోతే దాన్ని తిరిగి రాబట్టే దారి లేదు. అప్పుడు ఏడు ప్రశ్నార్థకాలున్న వరుస రేపల్లె అని ఊహించవచ్చు. తెనాలి, బాపట్ల రెండూ ఆరేసి ప్రశ్నార్థకాలే.